శొంఠికి ఒక్క చుక్క మందు

రాళ్ళకుంట, కుందుర్పి మండలం
28 ఏప్రిల్ 2002

జయరాముడు మామకు హేమావతి నమస్కారం,

ఇవాళ మా ఇంట్లో మొట్టమొదటి వింత ఏమిటంటే, విత్తనాల గదిలో వేరుశనగ బుడ్డల సంచికి బొక్క పడింది. నా బొటనవేలు పట్టేంత బొక్క. కింద బుడ్డ పొట్టు చిన్న కుప్పగా ఉంది, ఎవరో కూర్చొని తీరిగ్గా ఒలుచుకొని తిన్నట్టు. మూడేళ్ళుగా ఆ గదిలో ఒక్క గింజ పోలేదు. శొంఠి ఉంది కాబట్టి పోలేదు.

శొంఠి నీకు గుర్తుండాలి. పోయిన దసరాకు నువ్వు వచ్చినప్పుడు నీ కంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఛీ, ఈ పీడను అవతలికి తోలండి" అన్నావు. ఆ పీడే. అప్పుడది ఎండిన అల్లం రంగులో నున్నగా ఉండేది. ఇప్పుడు చూస్తే నీకు ఆ మాట కూడా రాదు. చెవుల అంచుల దగ్గర మొదలైన బూడిద రంగు పెచ్చులు కళ్ళ దాకా వచ్చాయి. రోజంతా గోక్కుంటుంది. ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఎలుక పక్కనుంచి పోతున్నా తల ఎత్తడం లేదు.

నాయన సంచి బొక్కలో వేలు పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు: "పిల్లిని పెట్టుకునేదే విత్తనానికి కాపలా అని. అది కాయకపాయె, ఇంటికి గజ్జి తెచ్చిపెట్టె. ఏరువాక పున్నం లోపల బాగయితే సరి. లేకుంటే గుట్ట అవతల ఇడిచొస్తా. ఇంకొక పిల్లిని తెస్తా."

నాయన కఠినుడు కాడు మామా. ఆ గదిలోని పదకొండు సంచులే మా వచ్చే సంవత్సరం. కానీ గుట్ట అవతల నీళ్ళు లేవు. ఎండాకాలంలో నీళ్ళు లేని చోట ఇడిచిరావడం అంటే ఏమిటో నాయనకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకే ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

గుత్తి పెద్ద ఊరు. అక్కడ పిల్లులను చూసే డాక్టరు ఉన్నాడేమో అడిగి చెబుతావా? నా దగ్గర ఉన్నది పరీక్షలకు అవ్వ ఇచ్చిన యాభై రూపాయలు. అంతకు లోపల అయిపోవాలి.

పరీక్షలు అయిపోయాయి. మా తెలుగు సారు నాకొక నోటుబుక్కు ఇచ్చి రోజుకొక కొత్త మాట రాయమన్నారు. ఈ రోజు మాట "కాపలా". కొత్తది కాదు, అయినా పొద్దుటి నుంచి దాన్ని కొత్తగా చూస్తున్నాను.

ఆశతో,
హేమావతి

*

రైల్వే గేటు, గుత్తి
4 మే

హేమా,

కార్డు మీద చోటు తక్కువ, ఈడ ఎండ ఎక్కువ. నాకు నీ మాదిరి పుస్తకం తెలుగు రాదు, నోటికొచ్చినట్టు రాస్తాండా.

పిల్లికి డాక్టరా! నీ జాబు మా వాళ్ళ ముందర చదివితే నవ్వలేక ఒకడు పట్టాల మీద కూలబడినాడు. అయినా పోయినా. పశువుల మందుల షాపాయన చెప్పినాడు, గజ్జికి సూది మందు ఉండాదంట. ఒక సీసా నూరు జీవాలకు వస్తాదంట. పిల్లికయితే అందులో ఒక్క చుక్క. చుక్కలెక్కన అమ్మడు, సీసా కొనాల. ధర రాయను, నీకు నిద్ర పట్టదు. అనంతపురంలో కుక్కలను చూసే డాక్టరు ఉన్నాడంట. ఆయన ముఖం చూసేదానికే నీ యాభై చాలదు.

ఒక మాట. పెచ్చులు చెవులకేనా, ముందర కాళ్ళకు కూడా వచ్చినాయా? వాసన వస్తాదా? ఊరికే అడుగుతాండా.

మీ అత్త కొత్తచెరువులో బాగుంది. కాన్పు ఈ నెలాఖరుకు అన్నారు.

జయరాముడు

*

రాళ్ళకుంట
9 మే

మామకు,

నీ కార్డు చదివి అవ్వ కూడా నవ్వింది. నవ్వనీ. నాకు మాత్రం అందులో ఒక్క వాక్యమే కనిపించింది: పిల్లికయితే ఒక్క చుక్క. నూరు జీవాల సీసాలో ఒక చుక్క ఎవరికి బరువు?

ఆ మాట పట్టుకొని నిన్న కుందుర్పి పశువుల ఆసుపత్రికి పోయాను. మొన్న సాయంత్రం నుంచి శొంఠి నోట్లో నురుగు పెట్టుకొని వణికిపోతూ ఉంది. ఎండ దెబ్బ అనుకుంటాను. వెదురు గంపలో పెట్టి, పైన అవ్వ పాత చీర కట్టి, మొదటి బస్సు ఎక్కాను. బస్సులో అందరూ కోడి అనుకున్నారు. అది అరిచాక ఎవరూ ఏమీ అనుకోలేదు, దూరంగా జరిగారు.

ఆసుపత్రిలో బయ్యన్న అని ఒక పెద్దాయన చీటీలు రాస్తాడు. ఆయన నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎద్దా, ఆవా, బర్రెనా?"

"కాదు సార్."

"గొర్రెనా, మేకనా?"

"కాదు."

"కోడి అని ముందే చెప్పొచ్చు కదమ్మా."

"పిల్లి సార్."

అప్పుడు తలెత్తాడు. తర్వాత రిజిస్టరు నా వైపు తిప్పి చూపించాడు. "చూడు. దీంట్లో యాడన్నా పిల్లి ఉండాదా? నేను ఇరవై ఏండ్ల నుంచి రాస్తాండా. పిల్లి రాలే."

నేను గడులన్నీ వరసగా చదివాను. చిట్టచివర, వేలెడంత వెడల్పు లేని గడి ఒకటి ఉంది. దాని పైన "ఇతరములు" అని అచ్చు వేసి ఉంది. ఇరవై ఏళ్ళుగా ఖాళీ. "ఇది మాదే సార్" అన్నాను. ఆయన కలం కాసేపు గాల్లో ఆపి, చివరికి అందులో ఒకటి వేశాడు. ఇంత మంచి మాట నా నోటుబుక్కులో ఇంకొకటి లేదు మామా. ఇతరములు. అందరినీ రాసిన తర్వాత కూడా ఇంకెవరైనా వస్తారేమోనని ఎవరో చోటు ఉంచారు.

డాక్టరు పేరు ఇంద్రాణి మేడం. గంపలోకి తొంగి చూసి, నురుగు తుడిచి, "ఏమన్నా పూసినారా దీనికి?" అని అడిగారు. లేదని చెప్పాను. గోరువెచ్చని నీళ్ళు, సబ్బుతో ఒళ్ళంతా తుడిచి పంపించారు. గజ్జి సూది ఇప్పుడు ఆసుపత్రిలో లేదు. వానలకు ముందు ఊరూరా జీవాలకు క్యాంపు పెడతారు, అప్పుడు సీసాలు వస్తాయి. "తీసిన సీసాలో దీనికొక చుక్క దొరుకుతుంది. ఆ చుక్కకు డబ్బు అక్కరలేదు. కానీ గొర్రెకు ఒక గీత ఎక్కువయినా తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. సరయిన తూకం కావాలి. షుగరు జబ్బువాళ్ళు పొడుచుకునే సన్న సిరంజి కావాలి. ఆ రెండూ నువ్వు తెచ్చుకో" అన్నారు.

కుందుర్పిలో ఆ సిరంజి దొరకలేదు. గుత్తిలో చూస్తావా?

ముందర కాళ్ళకు కూడా వచ్చాయి. వాసన వస్తుంది. ఊరికే అడిగావు కదా, ఊరికే చెబుతున్నాను.

హేమావతి

*

రైల్వే గేటు, గుత్తి
15 మే

హేమా,

ఈసారి కార్డు చాలదని కవరు కొన్నా. కవర్లో అట్టముక్కల మధ్య సిరంజి పెట్టినా, మూత తీయొద్దు. రెండు కొంటి, ఒకటి నీకు.

ఇప్పుడు అసలు మాట. ఎండ దెబ్బకు పిల్లికి నురుగు రాదు. నువ్వు దానికి ఏమో పూసినావు. గొర్రెలు కాసే ఎర్రన్న దగ్గర కానుగ నూనె, కర్పూరం, గంధకం కలిపిన జీవాల మందు సీసాలో ఉంటాది, నేను చిన్నప్పుడు చూసినా. అదే కదా? మన పక్క యాడ చూసినా గొర్రెలే కాబట్టి అన్నిటినీ గొర్రె మాదిరి చూస్తాం. గొర్రెకు ఏం పూసినా పూసిన చోటే ఉంటాది. పిల్లి అట్ల కాదు. పొద్దున లేస్తానే నాక్కుంటాది. తిన్నాక ముందర కాలు నాకి దాంతో ముఖం తుడుచుకుంటాది. రైలు పోయినాక భయపడినందుకు కొంచేపు నాక్కుంటాది. మధ్యాన్నం పడుకునే ముందర తోక కొస దాకా పోతాది. దాని ఒంటికి పూసినావంటే దాని కడుపులో పోసినట్టే.

నేను కోప్పడను. డాక్టరమ్మకు మాత్రం నిజం చెప్పు. అబద్ధం మీద సూది వేస్తే యాడికి పోతాదో ఎవరికి తెలుసు.

త్రాసులో పిల్లిని ఎట్ల కూర్చోబెడతావు? కూర్చోబెట్టినాక వివరంగా రాయి. ఏ గుడ్డ కప్పినావు, ఎవరు పట్టుకున్నారు, గీరిందా, అంతా రాయి.

జయరాముడు

*

రాళ్ళకుంట
22 మే

మామకు,

నీ జాబు చదివి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నువ్వు చెప్పింది నిజం. ఎర్రన్న దగ్గర ఆ సీసా అడిగి తెచ్చింది నేనే. నాయనకు తెలియదు, అవ్వకు తెలియదు. చెవులకు కొంచెం పూయమని ఎర్రన్న అంటే, తొందరగా నయం కావాలని మెడ దాకా పూశాను. గంట తర్వాత నురుగు. నా చేతులతోనే చంపేశానని అనుకున్నాను. ఆ భయంలో నీకూ అబద్ధం రాశాను, మేడంకూ అబద్ధం చెప్పాను. రాయడం ఇష్టమని చెప్పుకునే దాన్ని, మొదటిసారి అవసరం పడినప్పుడు మాటను దాచిపెట్టడానికే వాడుకున్నాను.

మొన్న కుందుర్పికి పోయి మేడంకు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకా నయం, చెప్పినావు. నురుగు చూసి నేను వేరే జబ్బు అనుకుంటా ఉన్నా. ఆ జబ్బయితే సూది వేయకూడదు" అన్నారు. అంటే నేను చెప్పకపోయి ఉంటే, క్యాంపులో శొంఠికి ఆ చుక్క కూడా దక్కేది కాదు. వచ్చే దారిలో బస్సులో నాకు నవ్వు ఏడుపు రెండూ వచ్చాయి, కిటికీ వైపు తిరిగి రెండూ కానిచ్చాను.

ఇక తూకం. మన ఊళ్ళో సన్న తూకం ఉండేది చౌక డిపోలోనే. డిపో పెద్దన్న చక్కెర తూస్తూ ఉంటే గంప పట్టుకొని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"కార్డు యాడ పాపా?"

"కార్డు లేదన్నా. పిల్లిని తూయాలి."

వరస మొత్తం నవ్వింది. పెద్దన్న మాత్రం నవ్వలేదు. త్రాసు తట్ట తుడిచి, "గంప బరువు ముందు చూద్దాం. లెక్క లెక్కే" అన్నాడు. ఖాళీ గంప తూచాడు. అవ్వ పాత చీరలోనే చుట్టి గంపలో పెట్టాం. తల మాత్రం బయట. నేను కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టాను, చీకటయితే కదలదని అప్పుడే తెలిసింది. గీరలేదు. శొంఠి రెండు కిలోల రెండు వందల గ్రాములు.

వరసలో వెనక నుంచి మా వీధి సిద్దమ్మవ్వ అరిచింది: "నువ్వు పుట్టినప్పుడు కూడా అంతే ఉన్నావే హేమా! నిన్ను కూడా ఈ తట్టలోనే తూసినాం!"

ఇప్పుడు వరస నన్ను చూసి నవ్వింది. నాకు మాత్రం ఆ తట్ట మీద ఒక్కసారి చెయ్యి వేయాలనిపించింది.

నిన్న రెండో సంచికి కూడా బొక్క పడింది. నాయన గోడ మీది క్యాలెండరులో ఏరువాక పున్నం దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. ఇంకో నెల ఉంది. మన ఊరి క్యాంపు 27న.

సిరంజి భద్రంగా ఉంది. బియ్యం డబ్బాలో దాచాను. అమ్మ చూసి కెవ్వుమంది, అది వేరే కథ.

హేమావతి

*

రాళ్ళకుంట
28 మే

మామకు,

నా ఎడమ చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్ర గీత ఉంది. మూడుసార్లు సబ్బు పెట్టాను, పోలేదు. పోకూడదనే అనిపిస్తుంది. చెబుతాను.

నిన్న పొద్దున బడి వెనక మైదానంలో క్యాంపు. ఎర్రన్న మంద నూట పన్నెండు జీవాలు. మేడం ఒక పక్క, ఆమెతో వచ్చిన ఇంకొకాయన ఒక పక్క సూదులు వేస్తున్నారు. వేసిన ప్రతి దాని వీపు మీద బయ్యన్న నూనె రంగులో ముంచిన గుడ్డతో ఎర్ర గీత గీస్తాడు. గీత పడితే పని అయినట్టు. గీత లేకపోతే మళ్ళీ పట్టుకొని పొడుస్తారు. క్యాంపులో అదొక్కటే చట్టం.

గంప పట్టుకొని చివర్లో నిలబడ్డాను. ఎర్రన్న నన్ను చూసి, "నా మందలో చేరితే చేరింది గానీ మేతకు తోలొద్దు పాపా" అన్నాడు. సీసాను మందకు సరిపడా తెప్పించేది అతని పేరు మీద కాబట్టి నేను సిగ్గుపడుతూ అడిగాను, ఒక చుక్క మా శొంఠికి ఇస్తావా అన్నా అని. "ఏం పాపా, నా సీసా ఇచ్చి దాని నోట నురుగు తెప్పించిన వాణ్ణి నేను. చుక్క కాదు, రెండు చుక్కలు తీస్కో" అన్నాడు. మేడం గట్టిగా, "రెండు వద్దు!" అన్నారు.

నువ్వు పంపిన సిరంజితో, పెద్దన్న చెప్పిన తూకానికి, మేడం మెడ వెనక తోలు పైకి లాగి పొడిచారు. శొంఠి మ్యావ్ అనేలోపల అయిపోయింది. నేను ఊపిరి వదిలాను.

అప్పుడు బయ్యన్న ఎర్ర గుడ్డ పట్టుకొని వచ్చాడు.

"వద్దు!" అని అరిచాను. గొర్రెలు కూడా తిరిగి చూశాయి. "నాక్కుంటుంది సార్!"

"గుర్తు పడాల్సిందేనమ్మా. గుర్తు లేకుంటే ఆ పక్క ఆయన ఇంకోటి పొడుస్తాడు. నేను ఇరవై ఏండ్ల నుంచి..."

నాకు ఇంకేమీ తోచలేదు. నా చెయ్యి చాపాను. "దీనికి పూయండి. దాని గుర్తు నా దగ్గర ఉంటుంది."

బయ్యన్న మేడం వైపు చూశాడు. మేడం నవ్వు ఆపుకుంటూ తల ఊపారు. ఆయన ఎంతో శ్రద్ధగా, వంకర లేకుండా, నా చేతి మీద గీత గీశాడు. తర్వాత పక్కనున్న ఆయనకు వినబడేలా కేక వేశాడు: "ఈ పాప అయిపాయె!" మైదానంలో పిల్లలు సాయంత్రం దాకా నా వెనకపడి అదే అరిచారు. నాకు ఒక్క రవ్వ కూడా కోపం రాలేదు.

గజ్జి పురుగు చచ్చినా దాని గుడ్లు మిగులుతాయట. పదిహేను రోజులకు రెండో సూది పడకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. రెండో క్యాంపు జూన్ 11న కుందుర్పిలో. ఎర్రన్న మందను అక్కడికే తోలుకొని పోతాడు, నేనూ పోతాను.

ఇప్పుడు నీ సంగతి. నీ జాబులన్నీ వరసగా పెట్టుకొని చదివాను మామా. రెండు సిరంజులు కొన్నావు, ఒకటి పంపావు. ముందర కాళ్ళకు వచ్చిందా అని అడిగావు. పిల్లి పొద్దున ఏం నాక్కుంటుందో, మధ్యాహ్నం ఏం నాక్కుంటుందో రాశావు. అన్నిటికంటే ముఖ్యం: రైలు పోయినాక నాక్కుంటుందని రాశావు. రాళ్ళకుంటలో రైలు లేదు.

నీ గేటు దగ్గర నాక్కుంటున్నది ఎవరు?

హేమావతి

*

రైల్వే గేటు, గుత్తి
1 జూన్

హేమా,

నువ్వు పెద్దయినాక పోలీసులో చేరు.

దాని పేరు గూడ్సు. ఉగాది అయినాక ఒకరోజు మధ్యాన్నం గేటు దగ్గర గూడ్సు బండి నిలబడింది. అందులోంచి దిగింది ఒక నల్ల పిల్లి. బండి పాయె, ఇది పోలే. నడక కూడా గూడ్సు మాదిరే, దానికి యాడా తొందర లేదు. మీ అత్త కాన్పుకు పోయినాక ఈ గేటు గదిలో మాట్లాడేదానికి గంట, జెండా తప్ప ఏమీ లేవు. నేను అన్నం తింటాంటే ఎదురుగా వచ్చి కూర్చుంటాది. బండి వచ్చే ముందర నాకంటే ముందు దానికి తెలుస్తాది, చెవులు లేపుతాది. నేను గేటు వేస్తా. ఇట్ల ఇద్దరం డ్యూటీ చేస్తాండాం.

ఎందుకు చెప్పలేదంటే, పీడ అన్నది నేనే కదా. నలుగురి ముందర అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే పెద్దోళ్ళకు నోరు రాదు. కూలబడి నవ్వినాడని రాసినానే, వాడు నవ్వింది నీ జాబుకు కాదు. నీ జాబు చదివిన దినమే గూడ్సు చెవుల మీద కూడా పెచ్చులు చూసి నేను కంగారు పడతాంటే, దానికి నవ్వినాడు.

రెండో సిరంజి గూడు మీద మూత తీయకుండా ఉండాది. మందు లేదు. ఈ పక్క క్యాంపులు అయిపోయినాయి.

మీ అత్తకు మే 30న ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ బాగుండారు. ఏరువాక అయినాక వస్తారు. పసిబిడ్డ ఉండే ఇంట్లో గజ్జి పిల్లి ఉండకూడదు, అది నాకు తెలుసు. మీ అత్త చెప్పాల్సిన పని లేదు. మీ నాయన క్యాలెండరు చూసినట్టే నేనూ చూస్తాండా. మా గూడ్సుకు నయమయితే గేటు దగ్గర ఉంటాది. కాకుంటే వచ్చే గూడ్సు బండి ఎక్కించాల. నా చేతితో ఎక్కించలేను.

సెలవు రాయించుకున్నా. 10వ తేదీ కుందుర్పికి వస్తా, నా స్నేహితుడు యేసన్న ఇంట్లో ఉంటా. ఇతరములు అన్నావే, ఆ గడిలో ఇంకొకటి పడతాదా అడుగు.

జయరాముడు

*

రాళ్ళకుంట
6 జూన్

మామకు,

చిన్న మరదలికి నా ముద్దులు. అత్తకు నమస్కారం. గూడ్సుకు ఏం చెప్పాలో తెలియక "ఎప్పుడొస్తావు" అని అడుగుతున్నాను.

ఇవాళ పొద్దున నా ఎడమ చెప్పులో చచ్చిన ఎలుక ఉంది! కాలు పెట్టాక తెలిసింది. నా అరుపుకు నాయన పలుగు పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. చూస్తే శొంఠి గడప మీద కూర్చొని, ఎటో చూస్తూ, ముందర కాలు నాకుతోంది. నెలన్నర తర్వాత మొదటి ఎలుక. పెచ్చులు రాలిపోయి చెవుల మీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి, ముట్టుకుంటే గడ్డి మొలకల్లా తగులుతాయి.

నాయన ఎలుకను తోకతో పట్టుకొని పైకెత్తి చూశాడు. "ఊ. పెద్దదే" అన్నాడు. అంతే. మధ్యాహ్నం నేను గదిలోకి పోయేసరికి సంగటి ముద్దలో పాలు పోసి చిన్న చిప్పలో కలుపుతున్నాడు. నన్ను చూసి, "దీనికని కాదు, ఊరికే" అన్నాడు. మన ఇంట్లో మగవాళ్ళందరూ ఊరికేనే అన్నీ చేస్తారు.

అయినా గడువు గడువే అన్నాడు. రెండో సూది పడకుండా జబ్బు తిరగబడితే మాత్రం ఒప్పుకోనన్నాడు. సంచుల బొక్కలు నేనే దబ్బనంతో కుట్టాను.

మేడంకు గూడ్సు సంగతి చెప్పమని ఎర్రన్న చేత చీటీ పంపాను. జవాబు వచ్చింది: "తూకం తెస్తే పడుతుంది." గూడ్సు తూకం చూశావా?

హేమావతి

*

కుందుర్పి, యేసన్న ఇల్లు
10 జూన్, మధ్యాహ్నం

హేమా,

ఎర్రన్న రేపటి వంతు రాయించుకునేదానికి ఈడికి వచ్చినాడు, ఈ చీటీ ఆయన చేతికి ఇస్తాండా.

వచ్చినాం. అనంతపురం బస్సులో గూడ్సు కళ్యాణదుర్గం దాకా అరిచింది, ఆడ నుంచి నిద్రపోయింది, ఈడికి వచ్చినాక మళ్ళా మొదలుపెట్టింది. గుత్తి స్టేషన్ పార్సిలు కాటా మీద తూసినా. నూరు గ్రాములు తక్కువ మూడు కిలోలు. రసీదు కూడా రాయించుకొచ్చినా, డాక్టరమ్మ నమ్మకపోతే చూపిస్తా.

యేసన్న పెండ్లాము గూడ్సును చూసి, "ఏమన్నా, రైల్వే వాళ్ళకు పిల్లులను కూడా ట్రాన్స్‌ఫర్ చేస్తారా?" అని అడిగింది.

నాకు ఒకటే దిగులు. ముప్పై ఎనిమిదేండ్ల మగోడు, ఇన్ని మందల మధ్య పిల్లిని పట్టుకొని నిలబడాల. నువ్వు ముందుగా రా.

మీ మామ

*

రాళ్ళకుంట
10 జూన్, సాయంత్రం

మామా,

ఈ చీటీ పాల సైకిలు మీద నీకు దీపాలు పెట్టే వేళకు చేరుతుంది. మన జాబులు గుత్తి నుంచి మూడు రోజులు నడిచేవి. ఇప్పుడు గంటలో వస్తున్నాయి. రేపటికి ఇక రాసే పని లేకుండా పోతుంది. ఆ సంగతి తలుచుకుంటే సంతోషంగానూ ఉంది, కొంచెం వెలితిగానూ ఉంది, కాబట్టి ఇది పొడుగ్గా రాయాలనుకున్నాను. పాల అన్న సైకిలు బెల్లు కొడుతున్నాడు.

ఎర్రన్న మంద రేపు తెల్లవారకముందే కదులుతుంది. ఆరు కిలోమీటర్లు. నేను గంప నెత్తిన పెట్టుకొని మంద వెనక వస్తాను. నాయన కూడా వస్తానన్నాడు. పొలం పనికి కుందుర్పిలో గుంటక పళ్ళు కొనాలట. మన ఇంట్లో మొన్ననే కొత్త పళ్ళు కొన్నాం.

ఎండ ఎక్కకముందే ఆసుపత్రి ముందర నీళ్ళ తొట్టి దగ్గర నిలబడు. గూడ్సు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టు, అరవదు. రెండో సిరంజి మరిచిపోవద్దు. ఎవరైనా నవ్వితే నాకు చూపించు, నేను ఈ మైదానంలో ముందే అయిపోయిన దాన్ని, నాకు భయం లేదు.

ఇంకొకటి. ఎడమ చేతి చొక్కా మోచేతి పైకి మడిచి పెట్టుకో. నీ సంగతి బయ్యన్నకు చెప్పి పంపాను. రేపటికని కొత్త రంగు డబ్బా తెచ్చాడట. మొదటి గీత నీకేనట.

హేమ